బియ్యం మిల్లులో ఉండి అన్నం తగ్గించుకోవడం

మిర్యాలగూడలో అన్నం తగ్గిస్తున్నానని చెప్పుకోవాలంటే కొంచెం సిగ్గుగానే ఉంటుంది. ఊరి చుట్టూ బియ్యం మిల్లులే. కోతల కాలం వస్తే వడ్ల ట్రాక్టర్లు రోడ్డు పొడవునా బారులు తీరుతాయి, ఊక ఎగిరొచ్చి చొక్కాల మీద పడుతుంది. ఆ మిల్లుల్లో ఒకదాంట్లో నేను లెక్కలు రాస్తాను. ఇరవై ఏళ్ళకు పైగా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు, బరువు 94 కిలోలకు చేరింది.

మోకాళ్ళ నొప్పి అని డాక్టర్ దగ్గరికి పోతే ఆయన మోకాళ్ళ సంగతి పక్కన పెట్టి రక్తపరీక్షలు రాశారు. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. అది 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ వచ్చే ముందు దశ, 6.5 తాకితే షుగరే. స్కానింగ్‌లో లివర్‌కు కొవ్వు పట్టిందని తేలింది. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ మన దేశం వాళ్ళకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నాది 32 పైన. మగవాళ్ళకు నడుము 90 సెంటీమీటర్ల లోపు ఉండాలట. నా నడుముకు టేపు పట్టిన నర్సమ్మ అంకె పైకి చదవలేదు, కాగితం మీద రాసుకుని ఊరుకుంది. "గోలీలు ఇప్పుడే వద్దు. ముందు ఒక ఏడు కిలోలు తగ్గి రండి, తొందరేం లేదు, ఆరు నెలలు తీసుకోండి" అన్నారు డాక్టర్.

ఎంత తగ్గించాలో తెలియాలంటే ముందు ఎంత తింటున్నానో తెలియాలి. మా మిల్లులో శాంపిల్ చూసే గదిలో చిన్న ఎలక్ట్రానిక్ కాంటా ఒకటి ఉంటుంది. నూక ఎంత శాతం, రంగు మారిన గింజ ఎంత అని దాని మీదే చూస్తాం. ఒక మధ్యాహ్నం గదిలో ఎవరూ లేనప్పుడు నా టిఫిన్ డబ్బా తెచ్చి దాని మీద పెట్టాను. గిన్నె బరువు తీసేస్తే అన్నం 640 గ్రాములు. వండిన అన్నం 100 గ్రాములకు 130 కేలరీల దాకా ఉంటాయి కాబట్టి ఒక్క పూట అన్నమే 800 దాటింది. కూర, పప్పు, పెరుగు లెక్క వేరు. రాత్రి ఇంట్లో వేడివేడిగా తినేది ఇంతకంటే ఎక్కువే. పొద్దున బండి మీద ఇడ్లీ, పదకొండింటికి చాయ్‌తో మిర్చి, సాయంత్రం చాయ్‌తో ఉస్మానియా బిస్కెట్లు. ఇవి కాక లారీ డ్రైవర్లు వచ్చినప్పుడల్లా మర్యాదకు ఇంకో చాయ్.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు ఒక రోజు కంచం ఎట్లా ఉండాలో లెక్క వేసి పెట్టారు. 2000 కేలరీల కంచంలో బియ్యం, గోధుమ, జొన్న అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పుధాన్యాలు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు. ఆ 250 గ్రాములూ బియ్యమే వండినా అన్నం ఏడు వందల గ్రాముల చుట్టుపక్కల అవుతుంది. అంటే వాళ్ళు రోజంతటికీ ఇచ్చినదాన్ని నేను మధ్యాహ్నం డబ్బాలోనే దాదాపు పూర్తి చేస్తున్నాను. అదే సంస్థ లెక్కలో 65 కిలోల మగమనిషి కూర్చుని పని చేస్తే 2110 కేలరీలు కావాలి, బరువు పని చేస్తే 3470. మా హమాలీలు నాకంటే ఎక్కువ అన్నం తింటారు. పొద్దంతా బస్తాలు మోస్తారు, ఒక్కరికీ బొజ్జ లేదు. మా నాయన కూడా అట్లాగే తినేవాడు, దమ్ము చేసిన మడిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉండేవాడు కాబట్టి. నాకు ఆయన కంచం వచ్చింది గానీ మడి రాలేదు.

మొదలుపెట్టడం దసరా అయిపోయాక. అన్నం కొలవడానికి ఒక స్టీలు గిన్నె పెట్టుకున్నాం. తలకొట్టి నింపితే 200 గ్రాములు పడుతుంది. ఒక్కసారిగా అంతకు దిగలేదు. ముందు రెండు గిన్నెలు, పది పదిహేను రోజులకు ఒకటిన్నర, తర్వాత ఒకటి. ఖాళీ అయిన జాగాలో కూర రెట్టింపు, పప్పు గట్టిగా, ఒక ఉడికించిన గుడ్డు. కూర ముందు తినడం, అన్నం తర్వాత కలుపుకోవడం అలవాటు చేసుకున్నాను. మొదట్లో ఉత్త బీరకాయ కూర తింటుంటే పత్యం తింటున్నట్టే ఉండేది.

ఆకలి గురించి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మొదటి పది రోజులు నరకం కాదు గానీ, చిరాకు. గడియారం పదకొండు చూపిస్తే చాలు, కడుపులో గుడగుడలు మొదలు. అప్పటిదాకా ఏమీ ఉండదు. ట్రక్ షీట్ల దగ్గర డ్రైవర్లు ఏదైనా రెండోసారి అడిగితే కస్సుమనేవాణ్ణి. సాయంత్రం నాలుగింటికి తలనొప్పి. అది సగం చాయ్‌లు తగ్గించడం వల్ల అనుకుంటా. రాత్రి పడుకున్నాక మరీ ఘోరం. పక్కింట్లో ఎల్లిగడ్డ పోపు వేస్తే లేచి కూర్చునేవాణ్ణి.

మా వేబ్రిడ్జి మీద పని చేసే ముస్లిం మిత్రుడు ఒక మాట చెప్పాడు. "రంజాన్‌ల మాకు మొదటి నాలుగు రోజులే భాయ్. తర్వాత ఆకలి టైముకొచ్చి సలాం చెప్పి పోతది." డాక్టర్‌ను అడిగితే అది నిజమే అన్నారు. ఘ్రెలిన్ అనే హార్మోన్ మనం రోజూ తినే వేళకు ముందు పెరిగి ఆకలి పుట్టిస్తుందట. తినకపోయినా కాసేపటికి అదే దిగుతుంది. ఆ తర్వాత పదకొండింటికి గుడగుడ రాగానే పెద్ద గ్లాసు పల్చటి మజ్జిగ, ఉప్పు చిటికెడు, తాగి గోడౌన్‌లో స్టాకు చూసే వంకతో లేచి తిరిగేవాణ్ణి. వెనక్కి వచ్చి కూర్చునేసరికి సగం తగ్గి ఉండేది. కొన్ని వారాలకు ఆ వేళకు ఆకలే రావడం మానేసింది. రాత్రి ఆకలికి మాత్రం వేరే మందు పనిచేసింది. పదింటికి తినే అన్నాన్ని ఎనిమిదింటికి జరిపి, దాంట్లో పెసర్లో బెబ్బెర్లో గుడ్డో తప్పకుండా ఉండేట్టు చూసుకున్నాను. మాంసకృత్తులు కడుపును ఎక్కువసేపు నిలబెడతాయి. పచ్చిపులుసు, అన్నం మాత్రమే తిన్న రాత్రులు పన్నెండింటికే మెలకువ వచ్చేది.

బరువు చూసుకోవడానికి మిల్లులో కాంటాలకు కొదవ లేదు. సోమవారం పొద్దున చాయ్ కూడా తాగకముందు, చెప్పులు విప్పి, బస్తాలు తూచే కాంటా ఎక్కేవాణ్ణి. హమాలీలకు అదొక తమాషా. "సారు, గన్నీ బరువు తీసేసినవా?" అని ఒకడు, "తేమ ఎంతుందో సూడండి, కటింగ్ పెట్టాలె" అని ఇంకొకడు. మొదటి వారమే రెండు కిలోల పైన తగ్గింది. సంబరపడి డాక్టర్‌కు ఫోన్ చేస్తే ఆయన ఆ సంబరం మీద నీళ్ళు చల్లారు. కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉండే గ్లైకోజన్ అనే పిండిపదార్థం ప్రతి గ్రాముతో మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుందట. అన్నం తగ్గగానే ఆ నిల్వ కరిగి నీరు పోతుంది, కొవ్వు కాదు. తర్వాత వారానికి అర కిలో పోతే మంచి లెక్కే అన్నారు. అంతే జరిగింది, కొన్ని వారాలు అదీ లేదు.

ఎవరూ ముందుగా చెప్పనిది మలబద్ధకం. తిండి సగమైతే లోపల కదలిక కూడా సగమవుతుంది. జామకాయ, తోటకూర, నీళ్ళు పెంచాక దారికొచ్చింది. ఇంకోటి చలి. ఆ ఏడు డిసెంబర్‌లో మిల్లులో స్వెట్టర్ వేసుకుని కూర్చున్నది నేనొక్కణ్ణే.

ఇంట్లో సంగతి వేరు. నా కడుపు రెండు నెలల్లో అలవాటు పడింది గానీ మా అమ్మ ఇప్పటికీ పడలేదు. ఆమె చిన్నతనంలో మా ఊరు మెట్ట. జొన్న గటుక, తైద అంబలి తాగి పనికి పోయేవాళ్ళు. వరి బువ్వ పండుగకో, చుట్టాలొస్తేనో. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ కింద మా వైపు పొలాలు మాగాణి అయ్యాకే ఇంట్లో రెండు పూటలా వరి బువ్వ ఉడికింది. అట్లాంటి మనిషి ముందు కొడుకు గిన్నెతో కొలుచుకుని అన్నం పెట్టుకుంటే ఎట్లా ఉంటుంది? "కాలువ రాకముందు బువ్వ కోసం పండుగ దాకా ఎదురుచూసినం. ఇప్పుడు నువ్వు గింజలు లెక్కబెట్టుకోని తింటున్నవ్ కొడకా" అని ఒకరోజు ఏడ్చింది. దానికి జవాబు చెప్పే తెలివి నాకు లేదు. షుగర్ ముందు దశ, లివర్‌లో కొవ్వు, ఇవన్నీ ఆమెకు డాక్టర్లు డబ్బుల కోసం చెప్పే మాటలు. నేను చెయ్యి కడుక్కోవడానికి లేచి వచ్చేసరికి కంచంలో ఇంకో గంటె అన్నం ఉండేది, మీద నెయ్యి కూడా.

చివరికి మా ఇంటామె దారి కనిపెట్టింది. అమ్మ వడ్డించడం మానదు కాబట్టి ఏం వడ్డించాలో మార్చింది. అన్నం గిన్నె లోపలే ఉంచి, అమ్మ ముందు కూర గిన్నె, పప్పు గిన్నె పెట్టేది. "అత్తమ్మా, ఆయనకు పప్పు వెయ్యి, పప్పు తింటలేడు" అంటే అమ్మ రెండు గంటెలు వేసేది. ఇద్దరికీ తృప్తి.

నూనె సంగతి కూడా ఆమే పట్టుకుంది. మనిషికి రోజుకు 27 గ్రాముల లెక్కన చూస్తే మా నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు చాలు. మేం ఆరు ప్యాకెట్లు వాడుతున్నాం. నూనె గ్రాముకు 9 కేలరీలు, అన్నంలో పిండిపదార్థం గ్రాముకు 4. అంటే అన్నం మీద ఇంత యుద్ధం చేస్తూ నూనెను వదిలేస్తే ఫలితం సగమే. ఆమె ప్యాకెట్‌ను నేరుగా కడాయిలో వంచడం మానేసి, చెంచాతో కొలిచి వేయడం మొదలుపెట్టింది. "నీ కోసం కాదు, నాకూ మోకాళ్ళున్నయ్" అంది.

మిల్లులో ఉంటాను కాబట్టి అందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది, 'షుగర్ ఫ్రీ బియ్యం' తింటే బరువు తగ్గుతారా అని. వాళ్ళు అడిగేది ఆర్‌ఎన్‌ఆర్ 15048, రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన తెలంగాణ సోనా. దాని గ్లైసిమిక్ ఇండెక్స్ మిగతా సన్నాల కంటే తక్కువ, రక్తంలో షుగర్ కొంచెం మెల్లగా ఎక్కుతుంది. అంతవరకు నిజం. కేలరీలు మాత్రం ఏ బియ్యానికైనా దాదాపు ఒకటే. షుగర్ ఫ్రీ అని మూడుసార్లు వడ్డించుకుంటే లాభం లేదు. జొన్న రొట్టె కూడా అంతే. మా పాలమూరు చుట్టాలు రొట్టె తింటే ఎంతైనా తినొచ్చు అన్నట్టు మాట్లాడతారు. జొన్నపిండికీ బియ్యానికీ కేలరీల్లో పెద్ద తేడా లేదు. తేడా ఏమిటంటే రొట్టెను నమలాలి, నమిలేసరికి టైం పడుతుంది, రెండో రొట్టెకే కడుపు నిండుతుంది. కడుపు నిండిన సంగతి మెదడుకు చేరడానికి ఇరవై నిమిషాల దాకా పడుతుంది. అన్నం, చారు అయితే నేను ఆ లోపే మారు వడ్డించుకుని పెరుగులోకి వచ్చేసేవాణ్ణి. అందుకే రాత్రిపూట రెండు రొట్టెలు, కూర నాకు బాగా కుదిరింది.

దావత్‌ల గురించి చెప్పకపోతే ఇదంతా అబద్ధమవుతుంది. మాఘమాసం పెళ్ళిళ్ళు వరసగా వచ్చాయి. బగారా అన్నం, మటన్, పక్కన చికెన్, మళ్ళీ తెల్లన్నం, పప్పుచారు. మనం వద్దంటే వడ్డించేవాడికి ఇంకా పట్టుదల. "డాక్టర్ వద్దన్నడు" అంటే పక్కన కూర్చున్న ప్రతివాడూ డాక్టరే. "ఒక్కనాటికి ఏం కాదు" అంటారు, నెలలో అట్లాంటి ఒక్కనాళ్ళు ఎన్నో ఉంటాయి. మా బావ అయితే వాళ్ళింటి శుభకార్యంలో నలుగురి ముందు, "ఏం బామ్మర్ది, మా కూర నచ్చలేదా, ఉప్పు తక్కువైందా?" అని అడిగాడు. దానికి ఏం చెప్పాలి?

నాకు పనిచేసినవి రెండే. ఒకటి, విస్తరి ఎప్పుడూ ఖాళీగా కనబడనివ్వకపోవడం. మొదట పెట్టిన బగారాలో సగం పక్కకు జరిపి ఉంచుకుని, మటన్ ముక్కలు మెల్లగా తింటూ కూర్చుంటే వడ్డించేవాడు ముందుకు పోతాడు. రెండోది ఒక్కపొద్దు. శనివారం ఒక్కపొద్దున్నానంటే చాలు, ఎవరూ మారు మాట్లాడరు. పైగా అరటిపండు తెచ్చి చేతిలో పెడతారు. రోగం పేరు చెప్తే బతిమాలేవాళ్ళు, దేవుడి పేరు చెప్తే దండం పెడతారు. అందుకని నిజంగానే శనివారం రాత్రి అన్నం మానేశాను, అబద్ధమాడినట్టు ఉండొద్దని.

సంక్రాంతికి 87 కిలోలకు వచ్చాను. సకినాల డబ్బా నా గదిలోంచి అమ్మ గదిలోకి మారింది. తర్వాత 86 దగ్గర కాంటా కదలలేదు. ఒక నెల పైనే. తినేది అదే, పద్ధతి అదే. దీనికి కారణం ఉంది. బరువు తగ్గిన ఒంటికి ఖర్చు కూడా తగ్గుతుంది. 94 కిలోల మనిషిని తగ్గించిన తిండి 86 కిలోల మనిషికి సరిపోయే తిండి అవుతుంది. ఇంకా తగ్గించే ఓపిక నాకు లేదు. సాగర్ ప్రాజెక్టు వాళ్ళ ఎన్‌ఎస్పీ క్యాంపు గ్రౌండులో పొద్దున నడక మొదలుపెట్టాను. అరగంట చురుగ్గా నడిస్తే నా బరువుకు 150 కేలరీల దాకా పోతాయి. గుప్పెడు పల్లీలు తింటే అవి తిరిగొచ్చేస్తాయి కాబట్టి టేబుల్ మీది పల్లీల సీసా కూడా తీయించాను. మళ్ళీ మెల్లగా కదిలింది.

ఆ మధ్యలోనే మా హమాలీ మేస్త్రీ నన్ను చూసి తనూ రాత్రి అన్నం మానేశాడు. ఆయన ఏళ్ళ నుంచి షుగర్ గోలీలు వాడుతున్నాడు. గోలీ వేసుకుని తినకుండా పడుకున్నాడట. తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. ఇంట్లోవాళ్ళు పంచదార నీళ్ళు తాగించి ఆసుపత్రికి తీసుకుపోయారు. కొన్ని రకాల గోలీలు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు తిండి తగ్గిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. వాళ్ళకు ముందు మందు మోతాదు మార్చాలి. నేను గోలీలు లేని దశలో మొదలుపెట్టాను కాబట్టి నాకు ఆ భయం లేదు. ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను ముందు అడిగేది గోలీల సంగతే.

2025 ఉగాదికి పక్కనే హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం మొదలుపెట్టారు, మనిషికి ఆరు కిలోలు. మా అమ్మ సంచితో వచ్చి గుప్పెట్లో బియ్యం పట్టుకుని చూపించింది. "దొడ్డు బియ్యం ఇచ్చినన్నాళ్ళు కుండలకు కుండలు తిన్నడు. ఇప్పుడు సన్నయి ఇస్తుంటే గిన్నెతోని కొలుస్తున్నడు" అని వాకిట్లో అందరికీ వినబడేట్టు చెప్పింది. నవ్వొచ్చింది గానీ ఆ రోజు రెండో గిన్నె అన్నం పెట్టించుకున్నాను.

ఆరు నెలల పరీక్షకు హెచ్‌బీఏ1సీ 5.6 వచ్చింది. బరువు 83. మిల్లు మెట్లెక్కుతుంటే మోకాలు అరవడం తగ్గింది. రెండు చెంచాల చక్కెర వేసిన చాయ్ ఇప్పుడు పాకంలా అనిపిస్తుంది. పాత డబ్బాలో సగం అన్నం చూసినా కడుపు చాలంటుంది. పొట్ట చిన్నదైందా అని అడిగితే డాక్టర్ నవ్వారు. సంచీ అదే, ఎక్కువ సాగే అలవాటు తప్పింది అన్నారు. లొంగనిది ఒక్కటే, కొత్త ఆవకాయ కలిపిన రోజు. ఆ రోజు గిన్నె లెక్క ఉండదు, ఉంచాలని కూడా అనుకోవడం లేదు.

డాక్టర్ ఇంకో ఐదు కిలోలు తగ్గమంటున్నారు. వానాకాలం వడ్లు మిల్లుకు రాకముందే మొదలుపెట్టాలి. కోతలు మొదలైతే రాత్రి డ్యూటీలు, చాయ్‌లు, మిర్చీలు ఎట్లాగూ తప్పవు. మా ఇంటామెకు చెప్పాను. అమ్మకు ఇంకా చెప్పలేదు.